దిగులయ్య ఎడమచెవి

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కుక్కను వెంటబెట్టుకుపోవాలి. కాస్త తీరిక దొరకగానే ఆసుపత్రి వెనకవీధిలో ఉన్న పశువుల డాక్టరమ్మకు దాని ఎడమచెవి చూపించాలి. చుక్కలమందు తీసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు. అయినా బయట ముసురు పట్టి ఉంది, ఇంట్లో భార్య మొహం ముడుచుకుని ఉంది, కుక్క తల ఒక పక్కకు వాల్చి నేలచూపులు చూస్తోంది. మంచి జరిగే లక్షణం ఒక్కటీ కనిపించలేదు.

"ఈ పూట తప్పించుకోవడానికి వీల్లేదు," అంది భార్య. ఆవిడ కట్టుడుపళ్లు తయారుచేస్తుంది. ముందుగదిలోనే ఆవిడ పనిబల్ల. దాని మీద వరసగా పళ్లసెట్లు ఎప్పుడూ నవ్వుతూ ఉంటాయి. అంతకుమించి ఆ ఇంట్లో నవ్వుమొహాలు లేవు. "వాసన చూశారా? పులిసిన పిండి వాసన. ఆదివారం వాడి నెత్తిమీంచి చెంబులతో నీళ్లు కుమ్మరించింది మీరే. చెవుల్లో దూది పెట్టండి, అయ్యాక లోపల తడి తుడవండి అని మొత్తుకున్నాను. వింటేగా!"

"విన్నాను. తుడుద్దామనే అనుకున్నాను."

"మీరు వినరు. అనుకుంటారు."

కుక్క పేరు దిగులయ్య. పొడుగాటి చెవులు చెంపల మీదికి వేలాడుతుంటాయి, నుదురంతా ముడతలు. పిల్లగా ఉన్నప్పటినుంచీ ఎవరో పోయినట్టే మొహం పెట్టడంతో ఆవిడే ఆ పేరు పెట్టింది. దిగులయ్యకు ప్రపంచంలో ఉత్సాహం కలిగించే చప్పుడు ఒక్కటే. పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలుస్తున్నాయా లేదా అని ఆవిడ టకటకలాడించి చూస్తుంది. ఎవరో ఏదో తింటున్నారనుకుని వాడు ఏ మూలనున్నా పరుగెత్తుకొస్తాడు. ఇన్నేళ్లుగా మోసపోతున్నా ఆ ఆశ చావలేదు.

భర్త పెద్దాసుపత్రిలో పనిచేస్తాడు. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు ధైర్యం చెప్పడం ఆయన ఉద్యోగం. అక్కడ అందరూ ఓదార్పాయన అంటారు. ఎక్స్‌రే గది దాటాక నడవా చివర ఆయనకొక గది, అందులో ఎదురెదురుగా కుర్చీలు ఉన్నాయి. కూర్చునేవాళ్లే లేరు. ఎందుకంటే ఎవరైనా వచ్చి "మా నాన్న..." అనేలోపే ఈయన "తెలుసండీ. దుఃఖమనేది మెట్లు మెట్లుగా ఉంటుంది. మీరిప్పుడు రెండో మెట్టు మీదున్నారు" అని అందుకునేవాడు. పై మెట్టు చేరేసరికి వచ్చినవాళ్లకు ఏడుపు ఆరిపోయేది, ఉసూరుమంటూ లేచి వెళ్లేవాళ్లు.

సూపరింటెండెంటు ఈ మధ్యే కబురు చల్లగా చెప్పాడు. "నెలాఖరుకు ఆ గది నాకిచ్చెయ్యండి. విరిగిన చక్రాల కుర్చీలు పెట్టుకోవడానికి చోటు లేదు. ఖాళీ కుర్చీలకంటే విరిగినవి నయం కదా! మీరు చీటీలు రాసే కిటికీ దగ్గరికి మారండి." ఆ గది పోతే ఇక తనకు ఎవరినీ ఓదార్చే పని ఉండదని ఆయనకు పట్టుకుంది బెంగ. తనకు ఓదార్చడమే రాదేమోనన్న అనుమానం మాత్రం ఇంకా కలగలేదు.

ఆ పొద్దున కుక్కతో గదిలో కూర్చున్నాడో లేదో, కారుతున్న గొడుగుతో గడియారాల మెకానిక్కు గుమ్మంలో నిలబడ్డాడు. వానలు మొదలైన రోజుల్లో అతని భార్య ఈ ఆసుపత్రిలోనే పోయింది.

"మా ఆవిడ..." అన్నాడు మెకానిక్కు.

"తెలుసండీ. దుఃఖమనేది మెట్లు..."

మెకానిక్కు ఆయన్ని చూడడం లేదు. దిగులయ్యను చూస్తున్నాడు. ఎడమచెవి బరువెక్కి దిగులయ్య తల ఆ పక్కకు వాలింది. నుదుటి ముడతల కిందనుంచి తడికళ్లు పైకెత్తి మెకానిక్కు మొహంలోకే చూస్తున్నాడు. మెకానిక్కు చేతిలో గొడుగు జారిపోయింది. వచ్చి నేలమీద కూలబడ్డాడు.

"నువ్వయినా వింటావా నాయనా?" అంటూ ఆ వాలిన చెవి దగ్గరికే వంగాడు. "మా ఇంట్లో ఆవిడ గడియారం ఒకటుంది. నన్ను తొందరపెట్టడానికి ముల్లు ముందుకు జరిపి పెట్టేది. అందరి గడియారాలూ సరిచేసేవాణ్ని, దానిమీద మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. ఇప్పుడు దాన్ని చూసినప్పుడల్లా ఆవిడే తొందరపెడుతున్నట్టుంటోంది. సరిచేసెయ్యమంటావా?"

సరిగ్గా అప్పుడే చెవిలో దురద రేగింది. దిగులయ్య చెవులు టపటపలాడేలా తల అటూ ఇటూ విదిలించాడు.

"వద్దంటున్నాడు!" అన్నాడు మెకానిక్కు. కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, తేలికపడ్డ మనిషిలా లేచాడు. "సరేలే నాయనా. అలాగే ఉండనిస్తాను."

పోతూ పోతూ ఆ సంగతి నడవాలో ఎవరికో చెప్పాడు. వాళ్లు ఇంకెవరికో చెప్పారు. గుమ్మం బయట మనుషులు నిలబడసాగారు. ఓదార్పాయన గడియారం చూసుకునేసరికి పశువుల డాక్టరమ్మ తలుపు మూసుకుని వెళ్లిపోయే వేళ అయింది. రేపు చూపిద్దాంలే అనుకున్నాడు.

ఇంటికి రాగానే భార్య అడిగింది. "చూపించారా?"

రేపు అనే మాట నాలుక చివరి దాకా వచ్చి, "ఆఁ" అయిపోయింది.

"ఏమంది?"

"చుక్కలు వెయ్యమంది. పొద్దునా సాయంత్రం."

"ఏవీ?"

"ఆసుపత్రిలో మరిచిపోయాను," అని నీళ్లు నమిలాడు.

మర్నాడు పాత మందుసీసా ఒకటి శుభ్రంగా కడిగి, అందులో కాచి చల్లార్చిన నీళ్లు పోసి తెచ్చాడు. మేలు చెయ్యకపోయినా కీడేం చేస్తాయిలే అనుకున్నాడు. చెవిలో తడి నిలవడం వల్లనే ఈ రోగం వచ్చిందన్న సంగతి భార్య చెప్పే ఉంది. కాని ఆయన వినడని ఆవిడే అంది కదా. పొద్దునా సాయంత్రం భార్య కళ్ల ముందు దిగులయ్య తల పట్టుకుని, చెవి పైకెత్తి, ఎంతో ఓపిగ్గా ఆ నీళ్లు చుక్కలు చుక్కలుగా వేసేవాడు. ఆవిడ దూదిముక్క పట్టుకుని పక్కన నిలబడేది. ఈ మనిషికి ఇప్పటికైనా బాధ్యత తెలిసొచ్చిందని లోపల్లోపల మురిసిపోయేది కూడా.

ఇక ఆ గదికి జనం రాక ఆగలేదు. వాళ్లలో రిటైరయిన హెడ్మాస్టరమ్మ ఒకావిడ ఉంది. దుఃఖంలో కూడా వీపు నిటారుగా పెట్టుకుని కూర్చునే మనిషి. కుక్కతో మాట్లాడడానికి కాస్త సిగ్గుపడి, తర్వాత ఒంగింది.

"మా ఆయన పోయినప్పుడు మా అక్క చూడ్డానికి రాలేదు నాన్నా. అప్పట్నుంచీ మాటల్లేవు. ఇప్పుడు తనే మంచాన పడిందట. ఫోన్ చెయ్యమంటావా?"

దిగులయ్య తల గట్టిగా విదిలించి, కాలితో చెవి గీక్కున్నాడు.

"అంతే అంటావా? నా పేరు కూడా వినదలుచుకోలేదంటావు. నేనూ అదే అనుకున్నాను," అని ఆవిడ నిటారుగా లేచి వెళ్లిపోయింది.

అమ్మా, అది దురదమ్మా అని చెప్పడానికి ఓదార్పాయన నోరు తెరిచాడు. నడవా పొడవునా గోడకానుకుని నిలబడ్డ మనుషులు కనిపించారు. నోరు మూశాడు. ఎప్పుడూ అక్కర్లేనిచోట మాట్లాడే మనిషి, అక్కరైన చోట కిమ్మనలేదు.

నెలాఖరుకు ముందే సూపరింటెండెంటు గది కొలుచుకోవడానికి టేపు పట్టుకుని వచ్చాడు. ఆసుపత్రిలో కుక్కేమిటని ముందు చిందులేశాడు. తర్వాత దిగులయ్య మొహం చూశాడు. గొంతు తగ్గించి, వేళాకోళంగానే, "ఏమోయ్, ఈ గది ఖాళీ చేయించమంటావా?" అన్నాడు. దిగులయ్య తల ఎంత జోరుగా విదిలించాడంటే, తూలి పక్కకు పడిపోయాడు.

"ఇంత గట్టిగా వద్దంటున్నాడేమిటండీ!" సూపరింటెండెంటు టేపు చుట్టేశాడు. "సరే, ఉండనివ్వండి. కాని ఒక మాట. వాడున్నన్నాళ్లే ఈ గది. వాడు రావడం మానేసిన రోజు కుర్చీలు దింపుతాను."

ఆ సాయంత్రం దిగులయ్య తిండి ముట్టలేదు. ముందుగదిలో భార్య కొత్త పళ్లసెట్టు టకటకలాడించింది. గోడవారన పడుకున్న దిగులయ్య కదల్లేదు. ఆవిడ బల్లకిటువైపు వచ్చి ఎడమపక్కనుంచి మళ్లీ ఆడించింది. వాడు తల తిప్పలేదు. "అలిగాడు," అంది ఆవిడ.  వాడికి అలగడం తెలియదని ఓదార్పాయనకు తెలుసు.

పొద్దున్నే తిన్నగా డాక్టరమ్మ దగ్గరికే పోవాలని బయలుదేరాడు. ఆ దారి ఆసుపత్రి గేటు ముందునుంచే పోతుంది. గేటు దగ్గర వానలో గొడుగుల కింద జనం. మెకానిక్కు వాళ్లకు ముందున్నాడు. "వచ్చాడు, వచ్చాడు!" అని అతను కేక పెట్టగానే గొడుగులన్నీ ఇటు తిరిగాయి. ఈ ఒక్కపూట, మధ్యాహ్నం తప్పకుండా తీసుకెళతాను అని ఓదార్పాయన తనకు తానే మాటిచ్చుకుని లోపలికి నడిచాడు. మరుసటిరోజు కూడా ఆ మాటే ఇచ్చుకున్నాడు. ఆ పై రోజు మాటివ్వడానికి మొహం చెల్లక ఊరికే లోపలికి పోయాడు.

అదే పూట పశువుల డాక్టరమ్మ, తన తల్లి పళ్లసెట్టు తీసుకుపోవడానికి వాళ్లింటికి వచ్చింది.

"మీరిచ్చిన చుక్కలు అయిపోవస్తున్నాయండీ. వాసన మాత్రం తగ్గలేదు," అంది భార్య.

"నేనెప్పుడిచ్చాను?"

భార్య సీసా తెచ్చి చేతిలో పెట్టింది. డాక్టరమ్మ రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని వాసన చూసింది, వేళ్లతో రుద్దింది. "ఇవి నీళ్లమ్మా," అంది.

భార్య చేతికంటిన, పళ్లకు అచ్చు తీసే సున్నపు పిండి కూడా కడుక్కోకుండా ఆసుపత్రికి పరుగు తీసింది. వాళ్లమ్మ పళ్లు సంచిలో టకటకలాడుతుండగా డాక్టరమ్మ ఆవిడ వెనకాల పరుగెత్తింది.

వాళ్లు చేరేసరికి గదిలో గందరగోళంగా ఉంది. సూపరింటెండెంటు ఆ వేళ ఏదో సొంత విషయం అడగడానికి వచ్చి, నేలమీద కూర్చుని, ముద్దుగా దిగులయ్య ఎడమచెవి నిమిరాడు. వాడు కెవ్వుమని అరిచి ఆయన చొక్కా చేతిని పళ్లతో పట్టుకున్నాడు. గుమ్మంలో జనం గుసగుసలు మొదలుపెట్టారు.

"ఈయన ఏం చేశాడో ఏమో. వాడికి తెలిసిపోయింది."

సూపరింటెండెంటు మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆడవాళ్ల వార్డు కప్పు కారుతోందని తెలుసు," అన్నాడు కుక్కతో. "బాగుచేయిద్దాం, చేయిద్దాం అని ఊరుకున్నాను. తప్పే. వదులు నాయనా."

"నొప్పండీ వాడికి! చెయ్యి తియ్యండి," అంటూ డాక్టరమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. మోకాళ్లమీద కూర్చుని, సంచిలోంచి చిన్న లైటు తీసి, మెల్లగా చెవి మడత ఎత్తింది. గదంతా పులిసిన వాసన కొట్టింది. ఇన్నాళ్లూ అది ఆసుపత్రి వాసనే అనుకున్నారందరూ.

"తల వాల్చి వింటున్నాడనుకున్నారా?" అంది తలెత్తకుండానే. "లోపలంతా చీము. బరువుకీ నొప్పికీ వాల్చాడు. తల విదిలించింది దురదకి. మీరు చెప్పుకున్నదంతా వినపడని చెవికి చెప్పుకున్నారు. కడిగి చూస్తేగాని లోపలి పొర ఉందో పోయిందో చెప్పలేను. పోయిందంటే ఈ చెవి ఇక లేనట్టే. దీన్లోకి నీళ్లెవరు పోశారు?"

అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. భార్య ఎవరి మొహమూ చూడలేదు.

"నేను," అన్నాడు ఓదార్పాయన. అంత పొట్టి మాట ఆ గదిలో ఆయన ఎప్పుడూ అనలేదు.

హెడ్మాస్టరమ్మ మెల్లగా ముందుకొచ్చింది. "అంటే... మా అక్కకు ఫోన్ చెయ్యొద్దని నాకు చెప్పింది చెవి దురదా?"

 ఆవిడ అక్కడే ఫోన్ తీసింది. అవతల మోగడం అందరికీ వినిపించింది. చాలాసేపు మోగింది. "అక్కా," అని ఆగిపోయింది ఆవిడ. ఆ తర్వాత అవతలినుంచి బలహీనమైన గొంతుతో, కాని తెరిపి లేకుండా, తిట్లు వినిపించాయి. హెడ్మాస్టరమ్మ నిటారు వీపు వంగిపోయింది. "తిడుతోంది," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఇంకా ఓపికుంది దానికి."

మెకానిక్కు మాత్రం గొడుగు తీసుకుని గుమ్మం వైపు నడిచాడు. "నా సంగతి వేరే సార్. ఆ గడియారాన్ని నేనెలాగూ ముట్టుకునేవాణ్ని కాదు. ఊరికే అడిగాను."

సూపరింటెండెంటు బట్టలు దులుపుకున్నాడు. అందరి ముందూ కప్పు సంగతి చెప్పుకున్నందుకు కోపం ఎవరిమీద చూపించాలో ఆయనకు తెలుసు. "సోమవారం కుర్చీలు వస్తాయి," అన్నాడు.

డాక్టరమ్మ చెవి కడిగింది. పొర చిరగలేదు గాని బాగా వాచిందట. మళ్లీ వినపడుతుందో లేదో వాపు తగ్గాకే తెలుస్తుందట. ఎలా చూసుకోవాలో ఆవిడ భార్యకు చెప్పబోయింది.

"నాకు చెప్పండి," అన్నాడు ఓదార్పాయన.

"ఆయనకు చెప్పి లాభం లేదండీ," అంది భార్య.

"చెప్పండి. వింటాను."

డాక్టరమ్మ ఇద్దరినీ చూసి చెప్పింది. "ముందు ఈ కడిగే మందు పొయ్యండి. చెవి మొదలు దగ్గర బయటినుంచి మెల్లగా పిసకండి, వాణ్ని విదిలించుకోనివ్వండి. వేలు పోయినంతవరకే దూదితో తుడవండి. పుల్లలూ గిల్లలూ లోపల పెట్టొద్దు. తర్వాతే ఈ చుక్కలు. వాసన పోయింది కదా అని మధ్యలో ఆపొద్దు, నేను చూసి చాలన్నదాకా వెయ్యాలి. తగ్గాక కూడా స్నానమైన ప్రతిసారీ తడి తుడవండి. వారానికోసారి చెవి ఎత్తి వాసన చూస్తూ ఉండండి. వేలాడే చెవులకు గాలాడదు, మీరే చూసుకోవాలి."

ఓదార్పాయన మధ్యలో ఒక్కసారి కూడా అందుకోలేదు.

ఇంట్లో సీసా చూడగానే దిగులయ్య పనిబల్ల కింద దూరాడు. నీళ్లసీసా వాడికింకా గుర్తుంది. ఓదార్పాయన "రా నాన్నా, ఇది మంచిదే, ఇది నిజంగా మందే" అని నచ్చజెప్పిన కొద్దీ వాడు గోడకు నక్కాడు. చివరికి ఆయన మాటలు మానేశాడు. బల్ల ముందు నేలమీద పడుకుని, వాడి తల ఎంత వాలిందో తన తలా అంతే వాల్చి, వాడి కళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు. ఎన్ని మాటలకూ లొంగనివాడు ఆ పడుకోవడానికి లొంగాడు. పాకుతూ వచ్చి తల ఆయన మోచేతి మీద పెట్టాడు. ఆ తర్వాత ప్రతి పొద్దునా ప్రతి సాయంత్రం ఇదే వరస. భార్య పక్కనే దూది పట్టుకుని నిలబడేది, ఆయనతో మాత్రం మాట్లాడేది కాదు. ఆయనకు ఏడుపొచ్చేది. దాన్ని ఏ మెట్టు మీద పెట్టాలో ఆయనకు తెలియలేదు.

ఆదివారం సాయంత్రం ఆవిడ దిగులయ్యకు ఎడమపక్కగా వచ్చి, ఊపిరి బిగబట్టి, చేతిలోని పళ్లసెట్టు టకటకలాడించింది. వాలిన తల లేచింది. నిటారుగా లేచి, చప్పుడు వచ్చిన వైపే తిరిగింది. ఆవిడ మళ్లీ ఆడించింది. దిగులయ్య తోక ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చి, మరోసారి మోసపోయాడు. ఆవిడ వాణ్ని ఒళ్లోకి లాక్కుని బావురుమంది. కాసేపటికి మొగుడి వైపు చూసి, "రేపు గొడుగు తీసుకెళ్లండి," అంది. అన్నాళ్లలో అదే మొదటిమాట.

సోమవారం లేచేసరికి ఓదార్పాయన మెడ పట్టేసింది. రోజూ నేలమీద తల వాల్చి పడుకున్న ఫలం. తల ఎడమభుజం మీదికి ఒరిగింది, తిరగదు. దవడ కదిపితే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అలాగే గది ఖాళీ చెయ్యడానికి ఒంటరిగా వెళ్లాడు.

వాకిలి ఊడ్చేవాళ్లు కూడా రాకముందే మెకానిక్కు వచ్చేశాడు. "ఆవిడ గడియారం చూసి బయలుదేరాను సార్. తొందరపడ్డాను. మీ గది పోతోందని తెలిసి, ఒక్కసారి కనబడి పోదామని..."

అంతలో ఓదార్పాయన మొహం చూశాడు. వాలిన తల, తడిసిన కళ్లు. మెకానిక్కు మాట పూర్తిచెయ్యకుండానే మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"కుక్కకు కూడా చెప్పని మాట ఒకటుంది సార్. ఆవిడ పోయిన పొద్దున నేను ఆలస్యంగా వచ్చాను. నా చేతిగడియారం చూసుకుని బయలుదేరాను. అది సరిగ్గానే ఉంది. ఆవిడ గడియారం చూసుకుని ఉంటే అందేవాణ్ని."

ఓదార్పాయన గొంతులో మెట్లన్నీ వరసగా లేచాయి. దవడ కదల్లేదు. తల ఆడించడానికి కూడా వీల్లేదు. చేసేదేమీ లేక విన్నాడు. వింటూ ఉంటే అతని చేతిగడియారం చప్పుడు వినిపించింది, అతను ఊపిరి తీసుకోవడం వినిపించింది, ఆ తర్వాత అతను చెప్పినదంతా వినిపించింది. ఇన్నేళ్లూ తన గదికి వచ్చి ఏడుపారిపోయి లేచి వెళ్లినవాళ్లందరూ గుర్తొచ్చారు. ఆయన కళ్లనుంచి కారుతున్న నీళ్లలో మెడనొప్పివి ఎన్నో, మిగతావి ఎన్నో ఆయనకే తెలియలేదు.

విరిగిన చక్రాల కుర్చీలు కిర్రుకిర్రుమంటూ నడవాలోకి వచ్చాయి. వాటి వెనకాల సూపరింటెండెంటు వచ్చాడు. గుమ్మంలో హెడ్మాస్టరమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

"ఈయన కూడా తల వాల్చాడేమిటి?" అన్నాడు సూపరింటెండెంటు.

"ష్," అంది హెడ్మాస్టరమ్మ, తరగతిలో అన్నట్టే. "వింటున్నాడు."

సూపరింటెండెంటు తొంగిచూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీలు నడవాలోనే గోడవారన దింపించాడు. మధ్యాహ్నానికి వాటన్నిటిలోనూ తమ వంతు కోసం మనుషులు కూర్చున్నారు. చక్రం లేని కుర్చీలో, ఒక పక్కకు ఒరిగి, సూపరింటెండెంటు కూడా కూర్చున్నాడు.

దిగులయ్య ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు, తల నిటారుగా పెట్టుకుని, అంతే దిగులుగా. ఓదార్పాయన మెడకు రాసుకోమని డాక్టరు ఇచ్చిన మందు మూత ఇంకా తియ్యలేదు. భార్య అడిగితే మాత్రం రోజూ రాసుకుంటున్నానని చెబుతున్నాడు.